క్యూఈ2 ఆఖరి ప్రయాణంలో మేమున్నాం. ఇప్పుడు అదే ఓడ హోటలైంది. వెళ్ళమంటారా?

సైనిక్‌పురి_డాక్టరు
జనవరి 6, ఉదయం 7:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. ఫోన్లో తెలుగు టైపు చేయడం మనవరాలు నేర్పింది, తప్పులుంటే మన్నించండి.

మా అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు. మార్చిలో రమ్మంటున్నాడు. అక్కడ రషీద్ రేవులో కట్టేసి ఉన్న క్యూఈ2 (క్వీన్ ఎలిజబెత్ 2) ఓడలో మా ఇద్దరికీ రెండు రాత్రులకి గది తీస్తానంటున్నాడు. 2018 ఏప్రిల్ నుంచి అది హోటల్. వాడికి మమ్మల్ని సంతోషపెట్టాలని. నాకేమో మనసు ఒప్పడం లేదు.

ఆ ఓడ తన ఇంజిన్ల మీద తాను చేసిన ఆఖరి ప్రయాణంలో నేనూ మా ఆవిడా ఉన్నాం. 2008 నవంబరు 11న సౌతాంప్టన్‌లో ఎక్కాం, 26న దుబాయ్ చేరాం, 27న దిగాం. పదహారు రాత్రులు. టికెట్లు పెట్టిన 36 నిమిషాల్లో అయిపోయాయని పేపర్లలో రాశారు. మాకు దొరకడంలో నా గొప్పేమీ లేదు, నా దగ్గరికొచ్చే పేషెంటు ఒకావిడ ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేది.

అలా నడుస్తుండగా చూసినదాన్ని ఇప్పుడు గట్టుకి కట్టేసి ఉండగా చూడటం ఎలా ఉంటుంది? ఎవరైనా వెళ్ళొచ్చారా? నిజం చెప్పండి.

---

లకడీకాపూల్_లలిత
జనవరి 6, ఉదయం 9:15

బాబాయిగారూ, మేం పోయిన దసరా సెలవుల్లో పిల్లలతో ఒక రాత్రి ఉన్నాం. గది బాగుంది, గుండ్రటి కిటికీ చూసి మా చిన్నాడు కేరింతలు. లోపలికి వెళ్ళేచోట ఓడ చరిత్రంతా బొమ్మలతో పెట్టారు, అది మాత్రం నిదానంగా చూడండి. గైడు తిప్పి చూపించే టూర్ కూడా ఉంది.

ఒక్కటి ముందే చెబుతున్నా, అక్కడికెళ్ళాక బాధపడకండి. పక్కన వేలాడే లైఫ్ బోట్లు లేవు. హోటల్ చేసేటప్పుడు తీసేశారట. నేను పాత ఫొటోలు చూసి వెళ్ళాను కాబట్టి కనుబొమలు గీసేసిన మనిషిలా అనిపించింది.

మీ ప్రయాణం సంగతి వివరంగా రాయండి ముందు. రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తే ఎలా?

---

జెఎన్‌టీయూ_బ్యాక్‌లాగ్
జనవరి 6, ఉదయం 10:03

అంకుల్, ఒక డౌట్. 2022లో వైజాగ్ నుంచి క్రూజ్ షిప్పు నడిచింది కదా, మా కజిన్స్ వెళ్ళారు. ఇది కూడా అలాంటిదేనా? దీనికి ఇంత సీన్ ఎందుకు? (నిజంగా తెలీక అడుగుతున్నా, ట్రోలింగ్ కాదు)

---

పాత_సెకండింజనీరు
జనవరి 6, ఉదయం 11:30

తమ్ముడూ, మంచి ప్రశ్నే అడిగావు. నేను మర్చంట్ నేవీలో ముప్ఫై ఏళ్ళు ఇంజిన్ రూముల్లో గడిపి ఇప్పుడు కూకట్‌పల్లిలో అపార్టుమెంటు బోరు మోటారు బాగుచేసుకుంటున్న మనిషిని. స్వస్థలం విశాఖ. మోటారు మీద చిరాకు నీమీద చూపించను.

క్రూజ్ షిప్పు తేలే హోటలు. వాతావరణం బాగోకపోతే దారి మార్చుకుంటుంది, ఒక ఊరు మానేస్తుంది. లైనర్ అనేది రైలు లాంటిది. ఫలానా రోజు సౌతాంప్టన్‌లో బయల్దేరితే ఫలానా రోజు న్యూయార్క్‌లో ఉండాలి. మధ్యలో ఉన్నది ఉత్తర అట్లాంటిక్, చలికాలంలో దాని కోపం చెప్పనలవి కాదు. అందుకే లైనర్‌కి పొడవాటి ముక్కు, గట్టి ఇనప ఒళ్ళు, నీళ్ళలో లోతుగా కూర్చునే ఒడ్డూ పొడుగూ. క్యూఈ2 పొడవు 963 అడుగులు, నీళ్ళలో మునిగేది 32 అడుగులు. వేగం గంటకి 32 నాటికల్ మైళ్ళు దాటేది. వెనక్కి నడిపినా ఇప్పటి చాలా క్రూజ్ షిప్పులు ముందుకెళ్ళేంత వేగం వచ్చేది.

1995 సెప్టెంబరులో లూయిస్ తుపాను దారిలో దీనికి దాదాపు 90 అడుగుల అల ఎదురైంది. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, నిలబడిన కెప్టెన్‌కి అది సరిగ్గా కళ్ళ ఎత్తులో కనబడిందట. ఇంగ్లండు తీరంలోని డోవర్ తెల్ల కొండల్లోకి వెళ్తున్నామా అనిపించిందని తర్వాత చెప్పాడు. ఓడ ఆ అలని చీల్చుకుని న్యూయార్క్ చేరింది. ఆ కెప్టెన్ పేరు రొనాల్డ్ వార్విక్. 1969లో ఇదే ఓడకి మొట్టమొదటి కెప్టెన్ ఆయన తండ్రే.

పేరు సంగతి కూడా చెప్పనీ. రాణిగారికి రోమన్ అంకె వేస్తారు, ఓడకి మామూలు 2 అంకె. అదే పేరుతో వచ్చిన రెండో ఓడ అని. మొదటిది 1972లో హాంకాంగ్ రేవులో కాలిపోయింది.

---

టోలిచౌకి_పికప్
జనవరి 6, మధ్యాహ్నం 1:48

డాక్టర్ సాబ్, సలాం. గా ఓడ అచ్చిన దినం నేను గాడ్నే ఉన్న.

2006ల పోయిన దుబాయ్‌కి. మాది నిజామాబాద్ దిక్కు. సోనాపూర్ క్యాంపుల ఉంటుంటిమి, రూముకు ఎనిమిది మంది. నాకు లైసెన్సు ఉండె, అందుకె పికప్ ఇచ్చిన్రు. టైల్సు, సిమెంటు ఒక సైటు కాడికెల్లి ఇంకో సైటుకు ఏసుడు. ఆ దినం బుధవారం. షిందగా దిక్కు లోడు దించి అస్తుంటే రోడ్డు మీద బండ్లన్ని ఆగినయ్. పోలీసోడు గూడ సముద్రం దిక్కే సూస్తుండు. నేనేదో యాక్సిడెంట్ అనుకున్న.

దిగి సూస్తే గది. నల్లటి పొట్ట, తెల్లటి మేడలు, ఎర్ర పొగగొట్టం. సుట్టూ చిన్న చిన్న పడవలు, పెళ్ళికొడుకు సుట్టు బరాతీల లెక్క. పైకెల్లి పెద్ద ఇమానం ఒకటి మస్తు కిందికి దిగి పోయింది. నా పక్కకు మలబారీ డ్రైవర్ ఒకడు "రిటైర్మెంట్‌కు అచ్చింది భాయ్" అన్నడు. నేను నవ్విన. రిటైర్మెంట్ అంటే మనోళ్ళు ఊరికి పోతరు. ఇది ఊరిడిసిపెట్టి దుబాయ్‌కి అచ్చింది.

---

సైనిక్‌పురి_డాక్టరు
జనవరి 6, రాత్రి 9:20

టోలిచౌకి భాయ్, మీరు గట్టు మీద, మేం పైన డెక్కు మీద! మేం చేతులు ఊపాం ఆ రోజు, మీకు కనబడి ఉండం.

లలితగారు అడిగారు కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

నేను ఉస్మానియాలో చదువుకుని 1974లో ఇంగ్లండు వెళ్ళాను. మొదటి ఉద్యోగం సౌతాంప్టన్‌లో. ఆస్పత్రికి దగ్గర్లో అద్దెగది. నైట్ డ్యూటీ అయి పడుకున్న వేళ ఓడ కూత వినిపించేది. మామూలు హారన్ కాదది, కడుపులో తగిలేది. ఇంటావిడ కిటికీ తెరిచి "క్యూఈ2 వెళ్తోంది" అనేది, మనూళ్ళో పాసింజరు బండిని బట్టి టైము చెప్పుకున్నట్టు. రెండేళ్ళకి మా ఆవిడ వచ్చింది. మొదటి చలికాలం, ఒక్కత్తే గదిలో, భాష రాదు. ఆ కూత వింటే బెంగ పెరిగేదట. "ఆ అరిచేదాంట్లో ఒకసారి ఎక్కించండి, దాని సంగతి తేల్చుకుంటాను" అనేది. ముప్ఫై రెండేళ్ళు వాయిదా వేశాను. పిల్లలు, ఇల్లు, ఇక్కడ అమ్మానాన్నల ఆరోగ్యం. 2007 జూన్‌లో ఓడని దుబాయ్ వాళ్ళకి పది కోట్ల డాలర్లకి అమ్మేశారని వార్త వచ్చింది. అప్పుడు కదిలాను.

బయల్దేరే రోజు పొద్దున్న రేడియో పెడితే, తిరిగి రేవులోకి వస్తూ ఓడ ఇసుకతిన్నె ఎక్కేసిందని చెప్పారు. తన సొంతూరి గుమ్మంలో! టగ్గు బోట్లు వచ్చి లాగాయి. మా ఆవిడ సూట్‌కేసు పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. "ఎదురుదెబ్బ తగిలింది, కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరదాం" అంది. తాగాం.

ఆ రోజు నవంబరు 11, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే రోజు. పదకొండు గంటలకి చిన్న విమానం ఒకటి ఓడ మీదుగా పది లక్షల ఎర్ర గసగసాల పూలు జల్లింది. మేం వెళ్ళేసరికి ఇంకా గట్టు మీద పడి ఉన్నాయి. మా ఆవిడ ఒకటి ఏరి పర్సులో పెట్టుకుంది. ఓడ స్తంభానికి సన్నటి పొడుగాటి జెండా. నౌకాదళం వాళ్ళ ఆచారమట, సేవ చేసిన ఏడాదికో అడుగు. ముప్ఫై తొమ్మిదేళ్ళకి ముప్ఫై తొమ్మిది అడుగులు. సాయంత్రం బాణాసంచా కాల్చారు. కూత మోగింది. ఈసారి మేం దాని లోపలున్నాం, రైలింగు మీద పెట్టిన చేతులు అదిరాయి. ఆవిడ నావైపు చూసి "తేలిపోయింది" అంది.

మిగతాది రేపు. కళ్ళు లాగుతున్నాయి.

---

లకడీకాపూల్_లలిత
జనవరి 6, రాత్రి 9:51

"తేలిపోయింది" అన్నారట! పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి.

---

మూసీ_ఒడ్డు
జనవరి 7, ఉదయం 6:30

పొద్దున్నే చిరాకు పెడుతున్నానని తిట్టుకోకండి. తెల్లవాళ్ళ విలాసాల ఓడ ముసలిదై మూల కూర్చుంటే మనం కళ్ళొత్తుకోవాలా? మనవాళ్ళు ఎక్కిన ఓడలు ఏమయ్యాయో ఎవరైనా అడుగుతారా? 1860 నవంబరు 16న "ట్రూరో" అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పని చేయించడానికి తీసుకెళ్ళిన 342 మంది అందులో ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. వాళ్ళకి బాణాసంచా కాల్చారా, పూలు జల్లారా? మా ముత్తాత అన్న రంగం (రంగూన్) పోయాడు స్టీమరెక్కి. పోయాడంతే. ఏ ఓడో కూడా ఇంట్లో ఎవరికీ తెలీదు.

డాక్టరుగారి మీద కోపం లేదు. ఓడల మీద ఈ మోజు మీదే.

---

పాత_సెకండింజనీరు
జనవరి 7, ఉదయం 8:05

మూసీ గారూ, మీ మాట కొట్టిపారేయను. కాకపోతే మోజు పైన డెక్కు మీద కూర్చున్నవాళ్ళకేనని అనుకోకండి. కింద ఇంజిన్ రూములో నలభై అయిదు డిగ్రీల వేడిలో పనిచేసినవాడికి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఓడకి తెల్లా నల్లా తెలీదు, నూనె పోస్తే నడుస్తుంది.

ఈ ఓడ ఇంజిన్ల కథ వేరే. పుట్టినప్పుడు ఆవిరి టర్బైన్లు. 1968 చివర్లో పరీక్షగా నడిపితే టర్బైన్ బ్లేడ్లు పాడయ్యాయి, బాగుచేసిందాకా తీసుకోమని కంపెనీ వాళ్ళు భీష్మించారు. అందుకే మొదటి ప్రయాణం 1969 మే 2 దాకా ఆగింది. 1986లో జర్మనీలోని బ్రెమర్‌హావెన్ తీసుకెళ్ళి బాయిలర్లు, టర్బైన్లు మొత్తం పీకేసి తొమ్మిది డీజిల్ ఇంజిన్లు పెట్టారు. ఒక్కోటి డబుల్ డెక్కర్ బస్సంత. అవి కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతో రెండు మోటార్లు ప్రొపెల్లర్లని తిప్పుతాయి. నూనె ఖర్చు మూడో వంతు పైగా తగ్గింది. కాబట్టి డాక్టరుగారు 1974లో విన్నదీ 2008లో ఎక్కినదీ ఒళ్ళు ఒకటే, గుండె వేరు. ఆయన వృత్తికి తగ్గట్టే ఉంది.

ఇంకో సంగతి. 1982లో అర్జెంటీనాతో ఫాక్లాండ్స్ యుద్ధానికి ఈ ఓడలో సుమారు మూడు వేల మంది సైనికుల్ని తీసుకెళ్ళారు. తివాచీల మీద అట్టలు పరిచి, డెక్కు మీద హెలికాప్టర్లు దిగడానికి చదును చేసి. వాళ్ళలో గూర్ఖాలున్నారు. అదే యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి ముందు నడిచిన ఓడ హెర్మెస్. దాన్ని మనం కొని, 1987లో ఐఎన్ఎస్ విరాట్ అన్న పేరుతో మన నౌకాదళంలో చేర్చుకున్నాం. 2017లో రిటైరయ్యాక విశాఖ తెచ్చి మ్యూజియమూ హోటలూ చేస్తామని ఆంధ్ర ప్రభుత్వం వాళ్ళు అన్నారు గుర్తుందా? మావాళ్ళు ఎంత సంబరపడ్డారో. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన ఎక్కడ నిలబెడతారని లెక్కలు కూడా వేశారు. చివరికి 2020 సెప్టెంబరులో అలంగ్ వెళ్ళిపోయింది, ముక్కలు కావడానికి.

---

జెఎన్‌టీయూ_బ్యాక్‌లాగ్
జనవరి 7, ఉదయం 8:40

అలంగ్ అంటే గుజరాత్‌లో షిప్పులు కోసే చోటు కదా అంకుల్? మీరెప్పుడైనా చూశారా?

---

పాత_సెకండింజనీరు
జనవరి 7, రాత్రి 10:12

చూడటమేంటి, ఒక ఓడని నేనే తీసుకెళ్ళి ఎక్కించాను. పొద్దున్నే నీ ప్రశ్న చూసి రోజంతా అదే ఆలోచన.

తొంభైల్లో. పాత బల్క్ క్యారియర్, అంటే సరుకు ఓడ, పేరు చెప్పను. సగానికి సగం మందిని ముందు రేవులోనే దింపేశారు. మిగిలినవాళ్ళం పౌర్ణమి కోసం లంగరేసి నాలుగు రోజులు కూర్చున్నాం. అలంగ్‌లో పోటు బాగా ఎత్తు వస్తుంది, పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకా ఎక్కువ. ఆ నీటి మీద ఓడని వీలైనంత గట్టు మీదకి తోలాలి. ముక్కు తేలిగ్గా ఉండాలని ముందు ట్యాంకుల్లో బరువు కోసం నింపే బ్యాలస్టు నీళ్ళు తోడేశాం.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఓడని ఒడ్డుకి తగలనివ్వకుండా కాపాడటమే మన పని. ఆ రోజు బ్రిడ్జి నుంచి "ఫుల్ ఎహెడ్" వచ్చింది, ఎదురుగా నేల ఉందని అందరికీ తెలుసు. మేం కింద ఉన్నాం, మాకేమీ కనబడదు. కాసేపటికి ఓడ అడుగున శబ్దం, ఇనప మూకుడులో అడుగంటిన అన్నం గీకుతున్నట్టు. నెమ్మదిగా మొదలై పెద్దదైంది. ఓడ ఆగింది, ఇంజిన్ ఆగలేదు. ఇంకా తోయమన్నారు. చల్లబరిచే నీళ్ళు సముద్రంలోంచే కదా రావాలి, బురద లాక్కోవడం మొదలైంది. టెంపరేచర్ లేస్తోంది, అలారాలు ఒకటొకటే మోగుతున్నాయి. ఇంకో రోజైతే పరుగెత్తేవాళ్ళం. మా చీఫ్ అలారం మీట నొక్కేసి "మోగనీ, ఇవాళ దాని ఇష్టం" అన్నాడు.

తర్వాత టెలిగ్రాఫు మీద, అంటే బ్రిడ్జి నుంచి ఇంజిన్ రూముకి ఆదేశాలు పంపే మీట మీద, "ఫినిష్డ్ విత్ ఇంజిన్స్" కొట్టారు, ఇంజిన్లతో పని అయిపోయిందని. ప్రతి రేవులో కొట్టేదే. జనరేటర్ ఆపేది నేను. ఆపాను. లైట్లు పోయాయి. ఓడలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది, నిద్రలో కూడా. ఆ రోజు ఏమీ లేదు. పైన ఎక్కడో ఎవరో దగ్గారు, ఏడు అంతస్తులు దాటి వినబడింది.

తాడు నిచ్చెన మీద దిగి బురదలో నడిచి గట్టెక్కాం. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఒక పధ్నాలుగు నంబరు స్పానర్ జేబులో వేసుకొచ్చాను. బోరు మోటారు బిగించేది దాంతోనే.

ఫ్రాన్స్ వాళ్ళ మహా లైనర్ "ఫ్రాన్స్" కూడా 2006లో అక్కడే ఎక్కింది, చివరికి "బ్లూ లేడీ" అన్న పేరుతో. 1,035 అడుగుల ఓడ. దాని మీద సుప్రీంకోర్టు దాకా కేసు నడిచి, విడగొట్టుకోవచ్చని 2007లో తేల్చారు. డాక్టరుగారూ, అందుకే చెబుతున్నా. మీ ఓడ పూలతో వచ్చింది, ఇంకా నీళ్ళ మీదే ఉంది. వెళ్ళండి.

---

టోలిచౌకి_పికప్
జనవరి 7, రాత్రి 11:25

ఇంజనీర్ సాబ్, మీ ముచ్చట సదివి బండి పక్కకు ఆపిన. ప్యాసింజర్ ఎనకనే ఉండు, ఏమాయె అని అడిగిండు.

మూసీ అన్న, మీరన్నది గూడ కరెక్టే. జెర్ర నా ముచ్చట గూడ ఇనుండ్రి. గా ఓడ అచ్చిన్నాడు, పామ్ జుమేరా కాడ పెట్టి పెద్ద హోటల్ జేస్తరు, మనకు మస్తు పని దొరుకుతది అని క్యాంపంత లొల్లి. గంతల్నె మార్కెట్ కూలింది. సైటు మీద క్రేన్లు ఆగినయ్. కార్లు ఎయిర్‌పోర్టు కాడ ఇడిసిపెట్టి పోయిన్రంటరు జనం. మాకు నాలుగు నెలల జీతం రాలె. కంపెనీ పేరెందుకు తియ్. 2009 నవంబర్‌ల అప్పులు కట్టనీకి టైమియ్యుండ్రి అని దుబాయ్ వరల్డోళ్ళే చేతులెత్తిన్రు, ఓడ కొన్నది గూడ ఆళ్ళ కంపెనీయే. నాకు అంతకుముందే టికెట్ సేతుల పెట్టిన్రు.

ఆఖరి దినాలు పని లేదు, పికప్ ఉంది. రషీద్ రేవు పక్క రోడ్డు మీద ఆపుకొని గా ఓడను సూస్కుంట కూసుంటుంటి. దానికి పని లేదు, నాకు పని లేదు. రాత్రి లైట్లు తక్కువ ఉంటుండె. గంత పెద్దదాన్ని పిలిపిచ్చి గిట్ల కూసోబెట్టిన్రు, మనమెంత అనిపిచ్చింది. నిజం జెప్పాల్నంటే గదే ధైర్యమిచ్చింది.

గందుకె డాక్టర్ సాబ్, మీరు పోతే నాకో ఫొటో దియ్యుండ్రి. రోడ్డు దిక్కుకెల్లి కాదు, ఓడ మీదికెల్లి రోడ్డు దిక్కు. నేను బండాపిన జాగ ఎట్ల కనవడ్తదో సూడాలె.

---

మూసీ_ఒడ్డు
జనవరి 8, ఉదయం 6:10

టోలిచౌకి తమ్ముడూ, ఒక మెట్టు దిగుతున్నా. డాక్టరుగారూ, ప్రయాణం మిగతా భాగం రాయండి. చదువుతా.

---

సైనిక్‌పురి_డాక్టరు
జనవరి 8, సాయంత్రం 5:35

నిన్న రాయలేకపోయాను. ఇంజనీరుగారి అలంగ్ కథ మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆ చీఫ్ ఎవరో గానీ మంచివాడు" అంది.

లిస్బన్, జిబ్రాల్టర్, రోమ్ రేవు, నేపుల్స్, మాల్టా, అలెగ్జాండ్రియా. ఊళ్ళు చూశామా అంటే చూశాం. నిజానికి ఎవరి ధ్యాసా ఊళ్ళ మీద లేదు. ప్రతి రేవులో గట్టు మీద జనం నిలబడి చేతులూపేవాళ్ళు, మేం ఊపేవాళ్ళం. కొత్తల్లో సరదాగా ఉండేది, మాల్టా వచ్చేసరికి చావింటికి వచ్చినవాళ్ళకి దణ్ణాలు పెడుతున్నట్టయింది.

మాది లోపలి గది, కిటికీ లేదు. ఓడలో గది ధరని బట్టి భోజనశాల, మాది మారిటేనియా. అంటే అందరికంటే కింది తరగతి. మా బల్ల దగ్గర ఒక ఆంగ్ల జంట, డెబ్బై ఏడెనిమిది ఏళ్ళుంటాయి, ఇది వాళ్ళకి పదిహేడోసారి ఎక్కడం. మా ఆవిడ నాలుగో రోజుకే ఆ తిండితో విసిగి చేతిసంచీలోంచి గోంగూర సీసా తీసింది. నేను బల్ల కిందికి దూరిపోవాలనుకున్నాను. పెద్దాయన వాసన చూసి, అడిగి వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ అడిగాడు. దుబాయ్ చేరేసరికి సీసా అడుగు కనబడింది.

గదికి కిటికీ లేదు కాబట్టి తెల్లారిందో లేదో తెలిసేది కాదు. ప్రతి పొద్దున్నా ఆవిడ కళ్ళు తెరవకుండానే "ఏ ఊరొచ్చిందండీ?" అనేది, రైల్లో పై బెర్తు నుంచి అడిగినట్టు. నేను లేచి కాగితం చూసి చెప్పేవాణ్ణి. సముద్రంలోనే ఉన్న రోజైతే "ఏ ఊరూ లేదు, పడుకో" అనేవాణ్ణి. మంచం పక్క గ్లాసులో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వలయాలు తిరుగుతూ ఉండేవి. ఇంజనీరుగారన్న తొమ్మిది ఇంజిన్లు.

సూయజ్ కాలువ దాటాక వాతావరణం మారింది. అప్పుడు ఆడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల గోల. మేం ఓడలో ఉండగానే నవంబరు 15న సౌదీ వాళ్ళ పెద్ద ఆయిల్ ట్యాంకరు "సిరియస్ స్టార్"ని ఎత్తుకుపోయారు. మా బల్ల దగ్గర రోజూ అదే మాట. పెద్దాయన మాత్రం నిశ్చింతగా "దీన్ని పట్టుకోవాలంటే ముందు దీన్ని అందుకోవాలి" అనేవాడు.

26న దుబాయ్. టోలిచౌకి భాయ్ చెప్పిందంతా నిజమే. అరవై పడవలు ఎదురొచ్చాయి, ముందు అక్కడి పాలకుడి ఓడ. పైన ఎమిరేట్స్ వాళ్ళ ఏ380 విమానం. రాత్రి మళ్ళీ బాణాసంచా. సిబ్బందిలో కొందరు గోడవైపు తిరిగి ముఖాలు తుడుచుకున్నారు. మేం గదికొచ్చి టీవీ పెట్టాం, ఈ సంబరం టీవీలో ఎలా చూపిస్తున్నారో చూద్దామని.

ముంబై తగలబడుతోంది. తాజ్ హోటల్. అదే రాత్రి, అదే నవంబరు 26.

బయట ఇంకా చప్పుళ్ళు. ఏ చప్పుడు టీవీదో ఏది ఆకాశందో తెలియలేదు కాసేపు. మేం ముంబై మీదుగా హైదరాబాద్ రావాల్సి ఉంది. మర్నాడు ఓడ దిగినవాళ్ళందరూ కెప్టెన్‌తో ఫొటోలు తీసుకుంటుంటే నేను ఫోన్ పట్టుకుని టికెట్లు మార్పించే పనిలో ఉన్నాను. నేరుగా శంషాబాద్ వచ్చేశాం. అందుకే ఆ ఓడకి నేను సరిగ్గా వీడ్కోలు చెప్పలేదు. గ్యాంగ్‌వే మీద నడిచిన గుర్తు కూడా లేదు.

నా సందేహం ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటా.

---

లకడీకాపూల్_లలిత
జనవరి 8, సాయంత్రం 6:02

అర్థమైంది బాబాయిగారూ. నేనైతే వెళ్ళమనే అంటాను. లోపలి గది మాత్రం అడగకండి, కిటికీ ఉన్నది తీసుకోండి ఈసారి. గోంగూర మర్చిపోకండి.

---

జెఎన్‌టీయూ_బ్యాక్‌లాగ్
జనవరి 8, సాయంత్రం 6:20

అంకుల్, "ఇంత సీన్ ఎందుకు" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. నేను ఎక్కింది హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికెళ్ళే బోటొక్కటే.

---

నిర్వాహకుడు
జనవరి 9, ఉదయం 10:00

మధ్యలో వచ్చిన రాజకీయ వ్యాఖ్యలు మూడు తొలగించాను. విరాట్ విశాఖ ఎందుకు రాలేదన్న గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. దీన్ని మార్చి దాకా తెరిచి ఉంచుతాను.

---

సైనిక్‌పురి_డాక్టరు
మార్చి 19, రాత్రి 8:44

వెళ్ళొచ్చాం. నిన్ననే దిగాం.

లైఫ్ బోట్లు లేవు, లలితగారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. కారిడార్‌లో నడుస్తుంటే నేల ఇంకా ఆ వంపుతోనే ఉంది, దూరంగా వస్తున్న మనిషికి ముందు కాళ్ళు కనబడతాయి, తర్వాత తల. కాళ్ళకి గుర్తుంది, నాకంటే ముందు. పొగగొట్టం కిందికెళ్ళి నిలబడ్డాను. ఇంజనీరుగారూ, నూనె వాసన లేదు.

టోలిచౌకి భాయ్, మీ ఫొటో కింద పెట్టాను. ఎక్కడ బండి ఆపేవారో నాకు తెలీదు కాబట్టి ఎడమ నుంచి కుడికి ఆరు తీశాను. మా అబ్బాయి అడిగాడు, "రోడ్డుకి ఇన్ని ఫొటోలేంటి నాన్నా" అని.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. మంచం పక్క గ్లాసులో నీళ్ళు పోసి చూస్తూ పడుకున్నాను. కదల్లేదు. ఎప్పటికో కునుకు పట్టింది. తెల్లవారుజామున, కిటికీ తెర లాగి ఉంది, గది చీకటి. పక్కనుంచి ఆవిడ, కళ్ళు తెరవకుండానే,

"ఏ ఊరొచ్చిందండీ?"

"దుబాయే," అన్నాను.

"ఇంకా దుబాయేనా" అని అటు తిరిగి పడుకుంది.

---

టోలిచౌకి_పికప్
మార్చి 19, రాత్రి 9:30

నాలుగో ఫొటో డాక్టర్ సాబ్. కరెంటు స్తంభం పక్కకు. గాడ్నే ఆపుతుంటి.